అత్తయ్య హెడ్‌ఫోను

మా మేనత్త తాడేపల్లిగూడెం దగ్గర మిషన్ బడిలో పిల్లలకు పాటలు నేర్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. చెవులు మందగించాక ఏలూరులో మా ఇంటికి వచ్చేసింది. దగ్గరకెళ్లి గట్టిగా మాట్లాడితే వినపడేది కానీ, టీవీ ఎంత పెంచినా ఆమెకు గోలగానే ఉండేది. పవర్‌పేటలో టీవీలు బాగుచేసే పెద్దాయన మా పాత టీవీ వెనకున్న ఎరుపు, తెలుపు సాకెట్ల నుంచి వైరు లాగి, ఓ చిన్న డబ్బా పెట్టి, దానికి హెడ్‌ఫోను తగిలించాడు. టీవీ స్పీకరు ఆపేసి, అది పెట్టుకుని వారం వారం పిల్లల పాటల పోటీ చూసేది. తాళం తప్పిన పిల్లని వేలు చూపించి మందలించేది. ఆ కాసేపూ మళ్లీ టీచరమ్మే.

ఒక వానాకాలం పిడుగుపాటుకి ఆ టీవీ పోయింది. కొత్తదాని వెనక ఎరుపూ తెలుపూ లేవు. హెచ్‌డీఎంఐ కన్నాలు మూడు, పక్కన లోపల ఎర్రగా వెలిగే చదరపు కన్నం ఒకటి. సౌండు అందులోంచి వెలుగుగా వస్తుందట. దాన్ని మళ్లీ పాత డబ్బాకి పనికొచ్చేలా మార్చే కన్వర్టర్ తెప్పించి నేనే బిగించాను. హెడ్‌ఫోను పెట్టుకుని చూశాను. వార్తలు శుభ్రంగా వినపడ్డాయి.

శనివారం ఆమె పాటల ఛానెల్ పెట్టుకుంది.

"ఏరా, వీడు పాడుతున్నాడా, ఆవలిస్తున్నాడా?"

హెడ్‌ఫోను తీసుకుని, అలవాటు కొద్దీ వార్తలు పెట్టి విన్నాను. ఖంగుమంటోంది.

"బాగానే వస్తోంది అత్తయ్యా."

"పేపరోడివి, నీకు వార్తలు వినపడకేం!"

మళ్లీ ఆమె ఛానెల్‌కి మార్చి ఇచ్చాను. ఏమీ లేదంది. పై వారం కూడా అంతే. మూడోవారం నాకు విసుగొచ్చింది.

"టీవీకేం కాలేదు. మీ చెవులే పూర్తిగా పోయాయి!"

అరిచాను కనక ఆ మాట మాత్రం వినపడింది.

"అంతేనేమోలే," అంది. వైరు చుట్టి హెడ్‌ఫోను బీరువాలో పెట్టేసింది.

ఆ తర్వాత చర్చిలో పాడటం మానేసింది. ముందు బెంచీలో కూర్చునే మనిషి, ఆఖరి వరసలోకి వెళ్లి పుస్తకం మూసుకుని కూర్చునేది. ఇంట్లో మేం దగ్గరకెళ్లి పలకరించినా మా మొహాలు చూసి తలాడించేది. "ఏవండీ, చెవుల డాక్టరుకి చూపిద్దామా?" అని మా ఆవిడ అడిగింది. వద్దంది అత్తయ్య. నేనూ పట్టుబట్టలేదు. ఎండలు ముదరకముందే పోయింది.

జ్ఞాపకార్థ కూడిక అయిన వారానికి మా ఆవిడ బీరువా సర్దుతూ హెడ్‌ఫోను నా చేతికిచ్చింది. టీవీ స్పీకరు ఆపి తగిలించాను. టీవీలో ఆ పాటల పోటీయే వస్తోంది. ఓ పిల్ల నోరు తెరిచి పాడుతోంది. హెడ్‌ఫోనులో చప్పుడు లేదు. వార్తలకి మార్చాను. వినపడుతోంది. వెనక్కి మార్చాను. లేదు.

ఫిర్యాదు వచ్చిన చోటికి వెళ్లి చూడకుండా వార్త రాయొద్దని పేపరాఫీసు డెస్కులో ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి. ఆమె ఛానెల్‌లో ఒక్కసారి కూడా విని చూడలేదు.

పై శనివారం పోటీ వేళకి పవర్‌పేట పెద్దాయన వచ్చి రిమోట్‌తో సెట్టింగుల్లోకి వెళ్లాడు.

"ఈ హెచ్‌డీ ఛానెల్లో సౌండు సినిమాహాలు రకంగా వస్తుందండీ. ఈ కన్వర్టర్‌కి అది తెలీదు. మీ వార్తల ఛానెల్ మామూలుది కాబట్టి వచ్చింది. ఇక్కడ ఆటో తీసేసి పీసీఎం, అంటే మామూలు సౌండు, పెట్టాలండీ, అంతే."

నొక్కాడు. నా చేతిలో ఉన్న హెడ్‌ఫోనులోంచి సన్నగా పాట మొదలైంది.

"ఒక్క ఫోను చేసుంటే ఆవిడకి..." అని ఆగిపోయాడు పెద్దాయన.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ముగ్గురం వింటున్నాం. పాడుతున్న పిల్ల రెండో చరణంలో తాళం తప్పింది. అది కూడా వినపడింది.