గేటు ముందు రెడ్డెమ్మత్త వేసిన ఆకు

నిమ్మనపల్లె వైపు టమోటా తోటలకు మందు కొట్టడానికి డ్రోన్ లేపినప్పుడల్లా ముందు ఆ రొద నా దవడల్లోకి వచ్చి కూర్చుంటుంది. తర్వాత రెక్కల గాలికి నలిగిన టమోటా ఆకుల పచ్చి వాసన. రైతు గట్టు మీద నిలబడి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఎంతసేపు పడుతుందని అడుగుతాడు. జవాబు చెబుతాను గానీ నా ధ్యాస అక్కడ ఉండదు. చేతిలో పని ఉండీ కుదురుగా ఉండలేకపోవడం నాకు రెడ్డెమ్మత్త అంటించిపోయిన జబ్బు. ఆమె పోయి ఏళ్లు గడుస్తున్నా జబ్బు మాత్రం తగ్గలేదు.

రెడ్డెమ్మత్త మాకు చుట్టం కాదు. పుంగనూరులో మా పక్కింటావిడ. కువైట్‌లో ఒక పెద్దింట్లో చాలా ఏళ్లు వంట చేసి, మోకాళ్లు అరిగిపోయాక తిరిగొచ్చింది. కువైట్ నుంచి వచ్చినవాళ్లు బంగారం గురించో, అక్కడి ఎండల గురించో చెబుతారు. ఈవిడ చెప్పింది నాసర్ అనే డ్రైవరు గురించి. అతనిది యెమెన్. అత్తకు జ్వరం వస్తే యజమానురాలికి తెలియకుండా మాత్రలు తెచ్చిచ్చేవాడట. భాష రాకపోయినా అక్కా అనడం నేర్చుకున్నాడట. ఒకరోజు వంటింటి గడపలో నిలబడి ఉండగా అతనికి ఫోను వచ్చింది. ఇంటి ముందు రొట్టెలు కాలుస్తున్న అతని తల్లి మీద పైలట్ లేని విమానం బాంబు వేసింది. ఆ విమానం పంపినవాళ్లు వెతుకుతున్నది ఇంకెవరినో. "ఆయప్ప ఏడవలేదమ్మా. నీళ్లు అడిగినాడు, తాగినాడు, కారు కడిగేదానికి పోయినాడు. లీవు ఇయ్యలేదు," అని చెప్పింది అత్త. చెప్పేటప్పుడు ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు, కొంగు చివర మడుస్తూ విప్పుతూ ఉండేవి.

ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని నాచేత ఒక అట్ట రాయించుకోవడం. 'మనిషి ఎక్కని విమానాలతో మనుషులను చంపవద్దు' అని రాశాను. అప్పుడు నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నాను. ఆదివారం పూట ఆ అట్ట పట్టుకుని ఆమె మదనపల్లె బస్టాండు ఎదురుగా నిలబడేది. నినాదాలు లేవు, మైకు లేదు. అట్ట చదవకుండానే ఒకాయన దగ్గరికొచ్చి, "ఎవురు తప్పిపోయినారమ్మా, ఆడమనిషా, మగమనిషా?" అని అడిగాడు. అత్త అతనికి నాసర్ కథంతా చెప్పింది. పాపం, అతని బస్సు వెళ్లిపోయింది. రానురాను మరో ముగ్గురు నలుగురు వచ్చి పక్కన నిలబడసాగారు. వాళ్లలో ఆ బస్సు తప్పినాయన కూడా ఉన్నాడు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. "అత్తా, ఆ విమానాలు వదిలేవాళ్లు మదనపల్లె బస్టాండుకు వస్తారా? ఎవరికి చూపిస్తున్నావు ఈ అట్ట?" అన్నాను ఒకసారి.

"ఎవురికో నాకేం తెలుసమ్మా. నాకు ఇంట్లో కూర్సోబుద్ధి కాలేదు," అంది.

డిగ్రీ అయ్యాక డ్రోన్ నడపడం నేర్చుకున్నాను. కుప్పం దగ్గర ఒక యూనిట్‌లో ఉద్యోగం వచ్చింది. తయారైన ప్రతి డ్రోన్‌నూ ఎగరేసి చూడడం నా పని. డ్రోన్ అన్న మాటకే అత్త మొహం మాడుతుందనుకున్నాను. "సేన్లకు మందు కొట్టేదే గదా, మంచిదే. జీతం టైముకిస్తారా?" అని మాత్రం అడిగింది. ఏడాది తిరిగేసరికి యూనిట్‌కు కొత్త ఆర్డరు వచ్చింది. ఇవి మందు చల్లేవి కావు. బరువు మోసుకుపోయి, చెప్పిన చోట వదిలేవి. ఏ దేశానికి పోతాయో, ఏం మోస్తాయో మాకు చెప్పలేదు. ఇసుక మూటలు కట్టి ఎగరేయమన్నారు. ఆ ఆదివారం పుంగనూరు వెళ్లి అత్తకు చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"ఉద్యోగం మానేయమంటావా?" అని నేనే రెట్టించాను.

"నేను యాల అంటానమ్మా? మీ నాయన మంచంలో ఉండాడు. నువ్వు సంపాదించకుంటే ఇల్లు యాడ నడస్తాది?"

మానేయమని ఉంటే ఆమెతో పోట్లాడేదాన్ని. అనలేదు కాబట్టి నాతో నేనే పోట్లాడుకున్నాను. నిద్ర సరిగ్గా పట్టేది కాదు. ఇసుక మూట నేలను తాకిన ప్రతిసారీ తలుపు వెనక ఎవరో పడినట్టు ఉలిక్కిపడేదాన్ని. నా దగ్గర పని నేర్చుకుంటున్న శ్రావణి, "ఏమక్కా, కాఫీ ఎక్కువైందా?" అని ఆటపట్టించేది.

పెద్దల అమావాస్య వచ్చింది. మా వైపు ఆరోజు చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినరు. కాకి రాకపోతే పోయినవాళ్లు ఆకలితో ఉన్నట్టే. యూనిట్‌కు ఆరోజు సెలవు లేదు. పొద్దున్నే ఇంట్లో కానిచ్చుకుని వచ్చారు అందరూ. మధ్యాహ్నం నేను ట్రయల్ మొదలుపెట్టి స్క్రీన్ చూస్తుంటే, గేటు బయట రోడ్డు వారన ఒక మనిషి కనిపించింది. పైనుంచి చూస్తే మనిషంటే ఒట్టి నెత్తే. ఆ నెత్తి పక్కన పచ్చగా ఒక అరిటాకు.

పరుగున గేటు దగ్గరికి వెళ్లిన వాచ్‌మన్ తిరిగొచ్చి చెప్పాడు. పుంగనూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. ఆకులో అన్నం, పప్పు, వడ, పాయసం, ఒక పక్కన ఖర్జూరాలు పెట్టిందట. ఎవరికి పెడుతున్నావని అడిగితే, కువైట్ డ్రైవరు వాళ్లమ్మకు అందట. "వాళ్ళు తురకోళ్లు గదమ్మా, వాళ్లకు ఇట్లాంటివి ఉండవు గదా అంటిని. 'నాకు తెలిసింది ఇదే గదప్పా' అంటాండాది," అని వాచ్‌మన్ గొణిగాడు.

కాకి రాలేదు. ఎట్లా వస్తుంది, నెత్తిన నా డ్రోన్ రొద పెడుతుంటే? బ్యాటరీ మార్చి మళ్లీ లేపాను. దూరంగా కరెంటు స్తంభాల మీద కాకులు వాలుతున్నాయి, రొద దగ్గరయ్యేసరికి లేచిపోతున్నాయి. ఈ సంగతి క్యాంటీన్‌కు పాకింది. ముద్ద కలిపినవాళ్లు కలిపినట్టే ఆగిపోయారు. గేటు ముందు ఒక పెద్ద ప్రాణం ఆకలితో ఉందని తెలిశాక ఎవరికి దిగుతుంది అన్నం? ఒకరి తర్వాత ఒకరు బయటికొచ్చి గేటు వైపు చూస్తూ నిలబడ్డారు. అంతలో అత్త తల పైకెత్తింది. నా స్క్రీన్ నిండా ఆమె ముఖం. ఎండకు కళ్లు చికిలించి సూటిగా నన్నే చూస్తోంది. ఆ డ్రోన్ నడుపుతున్నది నేనని ఆమెకు తెలుసు.

"ఆపొద్దు, టైమింగ్ పోతాది," అన్నాడు సూపర్‌వైజర్ మునిరత్నం సార్. ఆయనది పలమనేరు.

"కాకి రావాల సార్," అన్నాను.

ఆయన క్యాంటీన్ మెట్ల మీద నిలబడినవాళ్లను చూశాడు, గేటును చూశాడు. పొద్దున ఆయనా వాళ్ల నాయనకు పెట్టుకునే వచ్చి ఉంటాడు. "దించమ్మా," అన్నాడు నీరసంగా.

దించాను. చెవులు గుయ్యిమన్నాయి. చాలాసేపటికి ఒక కాకి వచ్చి, ఖర్జూరాన్ని వదిలేసి వడ ఎత్తుకుపోయింది. అందరూ లోపలికి వెళ్లి అన్నం తిన్నారు. అత్త కూడా అక్కడే రోడ్డు మీద కూర్చుని తెచ్చుకున్న డబ్బా విప్పింది. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. "రేపు మళ్లీ ఎగరేస్తారత్తా," అన్నాను. "ఎగరేస్తారు. ఈ పొద్దుకు ఆయమ్మ తినింది గదా," అంది నోట్లో ముద్దతో. ఆ మాటకు ఆమె మీద నాకు కోపమే వచ్చింది. అంత చిన్న గెలుపుతో ఆమె ఎలా సరిపెట్టుకోగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు రిమోట్ పట్టుకున్నాను గానీ డ్రోన్ లేపబుద్ధి కాలేదు. నెల తిరక్కుండా మానేసి మందు కొట్టే పనిలోకి వచ్చాను. జీతం సగమైంది. అమ్మ చాలా రోజులు నాతో ముభావంగా ఉంది. నా చోటు శ్రావణికి ఇచ్చారు. ఆ మరుసటి ఏడు చలికాలంలో అత్త పోయింది.

పోయిన ఏడు పెద్దల అమావాస్యకు నేనే వండుకుని కుప్పం వెళ్లాను. గేటు ముందు రెండు ఆకులు వేశాను, నాసర్ తల్లికి ఒకటి, అత్తకు ఒకటి. పైన డ్రోన్ తిరుగుతూనే ఉంది. మునిరత్నం సార్ బదిలీ అయ్యాడట. వాచ్‌మన్ కొత్తవాడు, నన్ను కాస్త దూరంగా జరగమన్నాడు. పైకి చూశాను. నడుపుతున్నది శ్రావణి అని తెలుసు, దించుతుందనుకున్నాను. బ్యాటరీ మార్చి మళ్లీ లేపారు, మళ్లీ లేపారు. పొద్దు వాలింది. ఒక్క కాకీ రాలేదు. ఆకుల్లో అన్నం గట్టిపడిపోయింది. ఇంత దూరం వచ్చి ఏం సాధించానని ఏడుపొచ్చింది. రెడ్డెమ్మత్త మీద, శ్రావణి మీద, నా మీద కోపం వచ్చింది.

షిఫ్ట్ వదిలారు. శ్రావణి నన్ను చూడనట్టే దాటి వెళ్లి, బస్సు వచ్చే వైపు కొంతదూరం నడిచి, తిరిగొచ్చింది. నా పక్కన నేల మీద కూలబడి బ్యాగులోంచి అన్నం డబ్బా తీసి మూత తెరిచింది. పొద్దున వాళ్లమ్మ కట్టిచ్చినది కట్టిచ్చినట్టే ఉంది.

"దించలేకపోయినానక్కా," అంది. "తినలేకపోయినాను."

ఇద్దరం ఆ డబ్బాను మధ్యలో పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాం, ముద్ద ముట్టలేదు. సంతోషించాలో, ఏడవాలో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.