ముందే పెట్టిన టిక్కు

మా పెద్దమ్మ చేతి వేగం గురించి చెప్పాలంటే ముందు ఆవిడ నోటి వేగం గురించి చెప్పాలి. ఆరోగ్య కేంద్రంలో ముప్పై నాలుగేళ్లు టీకాలు వేసిన నర్సు. "పొద్దున్నేం తిన్నావు, మీ అత్తగారి మోకాళ్లెలా ఉన్నాయి, పెద్దాడు బళ్లోకి వెళ్తున్నాడా" అని వరసగా అడిగేస్తుంటే, ఎదుటిమనిషి జవాబు వెతుక్కునేలోపు సూది దిగడం, దూది అద్దడం, "లే, లే, వెనక జనం ఉన్నారు" అనడం కూడా అయిపోయేవి. ఏడుద్దామని నోరు తెరిచిన పిల్లలు, అప్పటికే అంతా అయిపోయిందని తెలిసి, ఏం చేయాలో తోచక మూసేసుకునేవారట. అందరూ ఆవిణ్ణి సూదమ్మ అనేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే పలికేది కాదు.

ఆ వేగానికి ఒక కిటుకుంది. పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్లి, ఆ రోజు రావలసినవాళ్ల నీలం కార్డులన్నీ బల్ల మీద పరిచి, ఎవరికి ఏ టీకా వేయాలో చూసుకుని, తేదీలు రాసి, టిక్కులు కూడా పెట్టేసేది. జనం వచ్చాక ఇక సూది పనే. "రాసుకుంటూ కూర్చుంటే కడుపుతో ఉన్నవాళ్లు ఎంతసేపు నిలబడతారే? నడుములు పడిపోవూ?" అనేది. ఆ గదిలో ఉన్నది ఒక్కటే బెంచీ, దానికీ ఓ కాలు పొట్టి. కాబట్టి ఆవిడ మాటలో న్యాయం ఉంది. కొత్తగా చేరిన నర్సులకీ ఇదే నేర్పింది.

నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. నెలన్నర పిల్లగా ఉన్నప్పుడు నాకు ఫ్లూ వచ్చి, అది నిమోనియాగా మారి, పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నానట. బతికాను గానీ కుడి ఊపిరితిత్తి మాత్రం సగం పనిచేస్తుంది. మూడంతస్తులు ఎక్కాలంటే రెండుచోట్ల ఆగాలి. అందుకే బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చునే ఉద్యోగం ఏరుకున్నాను. "బస్సు వెనక పరిగెత్తలేక బస్సులవాళ్ల దగ్గరే చేరావా?" అని పెద్దమ్మ ఏడిపించేది. నవ్వడం అయ్యాక నా వీపు మీద చెయ్యి ఆనించి, ఊపిరి ఎలా ఆడుతోందో చూసుకునేది. అదంతా ప్రేమనుకునేదాన్ని. ప్రేమే, కాకపోతే ప్రేమ ఒక్కటే కాదు.

అమ్మ సంగతి వేరు. నేను దగ్గితే చాలు, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. నేను కడుపులో ఉండగా మూడో నెలలో అమ్మకు ఫ్లూ వచ్చి తగ్గింది. ఏడో నెలలో టీకా పడింది. తల్లి ఒంట్లో తయారైన రక్షణ ఆఖరి నెలల్లో బిడ్డకు చేరుతుందనీ, పుట్టిన కొత్తలో బిడ్డను కాచేది అదేననీ ఆసుపత్రిలో ఎవరో చెప్పారట. ఆ మాట అమ్మ మనసులో ముల్లులా దిగిపోయింది. "జ్వరమూ వచ్చింది, టీకా కూడా పడింది. అయినా నీకివ్వడానికి నా ఒంట్లో పిడికెడు సత్తువ లేకపోయిందే" అనేది. నాలుగేళ్ల కిందట అమ్మ పోయింది. పోయే ముందు వారం నా చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించవే" అంది. పెద్దమ్మ మంచానికి అవతలివైపు కూర్చుని బత్తాయి తొనలు వొలుస్తోంది.

ఇప్పుడు నాకు ఆరో నెల. ఈమధ్యే ఫ్లూ వచ్చింది. వారం రోజులు మంచానికి అతుక్కుపోయాను. తగ్గి రెండు వారాలయ్యాక, ఫ్లూ టీకాకు రమ్మని ఆరోగ్య కేంద్రం నుంచి కబురొచ్చింది. మా ఆయన వెళ్దామంటే నేనే కొట్టిపారేశాను. ఇప్పుడే కదా వచ్చి తగ్గింది, ఒంట్లో ఆ శక్తి ఉండే ఉంటుంది. అసలు మాట అది కాదు. టీకా వేయించుకుని అమ్మ ఏం బావుకుంది? వాళ్లు రమ్మన్న రోజు పొద్దున్న పెద్దమ్మకు ఫోన్ చేసినప్పుడు ఇదే సంగతి నవ్వుతూ చెప్పాను. నేను ఒకటంటే నాలుగనే మనిషి ఈసారి, "ఇంట్లోనే ఉండు, వస్తున్నా" అని పెట్టేసింది.

గంటలో దిగింది. భుజం మీద సంచి కూడా దించకుండా వంటింట్లో స్టూలు మీద కూర్చుంది.

"మీ అమ్మకు ఆ టీకా పడలేదే."

"ఏ టీకా?"

"ఫ్లూది. నేను వేయలేదు."

మనిషికి వయసు మీద పడి మతి తప్పుతోందేమో అనుకున్నాను. ఆవిడ నా మొహం చూడకుండా, మొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది.

"ఆ రోజు పొద్దున్నే మీ అమ్మ కార్డు మీద రెండు టిక్కులు పెట్టేశాను. ఒకటి ధనుర్వాతానిది, ఒకటి ఫ్లూది. మీ అమ్మ వంతు వచ్చేసరికి ఫ్లూ మందు ఒక్క డోసే మిగిలింది. దాని వెనకాల ఇంకో కడుపుతో ఉన్నావిడ. ఎక్కడో దూరం నుంచి వచ్చింది, మళ్లీ రాలేనమ్మా అంటోంది. మీ అమ్మంటావా, ఇంటి మనిషి. పైగా జ్వరం వచ్చి తగ్గినదే. ఆ మాత్రం శక్తి ఉంటుందిలే, వచ్చే వారం వేద్దాం అనుకున్నాను. ఆవిడకు వేసేశాను."

"అమ్మకు చెప్పలేదా?"

"సూదంటే కళ్లు గట్టిగా మూసుకునే మనిషి కదా. ఒక్క పోటే పడిందేం, రెండూ కలిపి వేశావా అక్కా, అని అడిగింది. వరస కదలాలి. ఊఁ అన్నాను."

"వచ్చే వారం?"

"మందు వచ్చింది. నాకు గుర్తు రాలేదు. టిక్కున్న కార్డు నేను మళ్లీ చూడను కదే."

స్టవ్ మీద పాలు పొంగి గట్టంతా పారాయి. ఇద్దరం లేవలేదు. ఆవిడే చెయ్యి చాచి మంట ఆర్పింది.

"నిన్ను ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరు కార్డు చూశాడు. తల్లికి టీకా పడింది, ఇది ఫ్లూ కాకపోవచ్చు, ముందు వేరేవి చూద్దామన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నోరు పెగల్లేదు. రెండు రోజులు పోయాక పరీక్ష చేస్తే ఫ్లూ అనే తేలింది. అప్పుడు మందు మొదలుపెట్టారు."

"ఉద్యోగం పోతుందనా?"

"మొదటిరోజు అందుకే. రెండోరోజు మీ అమ్మ మొహం చూసి."

తనే మళ్లీ అంది. "ఫ్లూ ఒక్క రకం కాదే. ఒకటి వచ్చి తగ్గితే ఇంకోదానికి అడ్డం పడుతుందని లేదు. వచ్చి తగ్గినా సరే వేయించుకోండని ఊరందరికీ చెప్పిన నోరు ఇది. వేసుంటే నీకు వచ్చేది కాదని గట్టిగా చెప్పలేను. వేసినా కొందరికి వస్తుంది. ఏమయ్యేదో తెలిసే దారి లేకుండా చేసింది మాత్రం నేనే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊపిరితిత్తి కోసం కాదు, దానితో నాకు ఏనాడో రాజీ కుదిరింది.

"అమ్మకెందుకు చెప్పలేదు? బతికినన్నాళ్లూ తన ఒంటినే తిట్టుకుంది. పోతూ పోతూ నన్ను క్షమించమంది. నువ్వు తొనలు వొలుస్తూ కూర్చున్నావు!"

"చెబుదామనే వచ్చానే ఆ రోజు. పోయేముందు దానికి అక్క కూడా లేకుండా చేయడమెందుకు అనుకున్నాను." సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, "అదీ అబద్ధమే. నాకు చెల్లెలు లేకుండా పోతుందని భయపడ్డాను" అంది.

"వెళ్లిపో పెద్దమ్మా."

"వెళ్తాను. ముందు నువ్వు టీకాకు పద. తిట్లు దారిలో తిట్టు."

తిట్టలేదు. ఆరోగ్య కేంద్రం మెట్ల మధ్య నేను ఆగితే, ఆవిడా రెండు మెట్ల కింద ఆగింది. వీపు మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది.

లోపల అదే గది. బెంచీ మారింది. టీకాల నర్సు పెద్దమ్మ చేతికింద పని నేర్చుకున్న మనిషి. "సూదమ్మగారూ! ఎన్నాళ్లకు!" అంటూ లేచింది. జ్వరం తగ్గి ఎన్నాళ్లయిందని నన్నడిగి, చెప్పాక తలూపి, కార్డు తీసింది. ఫ్లూ గడిలో అప్పటికే టిక్కుంది.

పెద్దమ్మ ఆ గడి మీద వేలు పెట్టింది. "కొట్టెయ్."

"ఇదిగో ఇప్పుడు వేసేస్తున్నాగా మేడమ్. మీరు నేర్పిందే కదా."

"తప్పు నేర్పాను. కొట్టెయ్. ముందు సూది, తర్వాత టిక్కు."

నర్సు నా వైపు చూసింది. టిక్కు కొట్టేసి, సీసా మీది చీటీ చదివి, మందు సిరంజిలోకి ఎక్కించింది. సూది దిగుతున్నంతసేపూ పెద్దమ్మ నా భుజం మీదినుంచి చూపు తిప్పలేదు. దూది అద్దాక, "ఇప్పుడు పెట్టు" అంది.

ఇంటికొచ్చాక బీరువా తెరిచి, కాన్పప్పుడు కేంద్రంవాళ్లు ఇచ్చేసిన అమ్మ పాత నీలం కార్డు తీశాను. రెండు టిక్కులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, పెద్దమ్మ చేతివే, తొందరగా పెట్టినవి. అమ్మ ఉంటే ఆ కార్డు ముందు పెట్టి, నీ ఒంట్లో సత్తువకు ఏ లోటూ లేదమ్మా, నీకసలు ఆ టీకాయే పడలేదు అని చెప్పేదాన్ని. ఆ ఒక్క మాట చెప్పడానికి అమ్మ బతికుండగా పెద్దమ్మకు ఇరవై ఏడేళ్లు దొరికాయి. నాకు ఒక్క రోజు కూడా దొరకలేదు.