మిషన్లు మానేసి శుభ్రత అమ్మిన కంపెనీ

మా కంపెనీ మిషన్లు బాగా కడిగేవి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నేను చెప్పబోయేదంతా విని, మిషన్లు చెత్తవి కాబట్టే కంపెనీ దెబ్బతిన్నదని అనుకుంటారు. మిషన్లకు ఏ రోగమూ లేదు. రోగమంతా మనుషులకే వచ్చింది, అదీ బెంగళూరు నుంచి కారెక్కి వచ్చింది.

మదనపల్లె ఊరి చివర, బెంగళూరు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. మా ఓనరు ఒకప్పుడు బోరు మోటార్లు బాగుచేసేవాడు. టమాటా మండీలో బురద పట్టిన క్రేట్లను ఆడవాళ్లు కూర్చుని చేత్తో రుద్దడం చూసి, ఒక వైపు మురికి క్రేటు పెడితే ఇంకో వైపు కడిగిన క్రేటు బయటికొచ్చే మిషన్ ఒకటి తయారుచేశాడు. అది నడిచింది. తర్వాత పుంగనూరు చుట్టుపక్కల డెయిరీల కోసం పాల క్యాన్లు కడిగేవి, కుప్పం గ్రానైట్ ఫ్యాక్టరీల కోసం రాతి బురద వదలగొట్టేవి చేశాడు. నేను మెకానికల్ డిప్లొమా అయ్యాక అక్కడ చేరాను. మాది పెద్దమండ్యం దగ్గర మెట్ట పల్లె. మా ఇంట్లో కూలికి కాకుండా జీతానికి పోయిన మొదటి మనిషిని నేను, అదీ ఆడపిల్లను. కొనేవాళ్లకు మిషన్ నడిపి చూపించడం, కొన్నాక చెడిపోతే మనిషిని పంపి బాగుచేయించడం నా పని.

కొన్నేళ్లు బాగానే సాగింది. ఆ తర్వాత ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చే చవక మిషన్లు మొదలయ్యాయి. మావాటిలో సగం ధరకు వచ్చేవి. ఏడాది తిరక్కుండానే మూలనపడేవి. అయినా సగం ధర సగం ధరే కదా! మా ఆర్డర్లు తగ్గిపోయాయి. షెడ్డులో వెల్డింగ్ వెలుగు పొద్దున కాసేపు కనబడి ఆరిపోయేది. ఓనరు మధ్యాహ్నం అన్నం క్యారియర్ తెరవకుండానే ఇంటికి తీసుకుపోవడం చూశాం.

అప్పుడు వచ్చాడు ఆయన బామ్మర్ది. బెంగళూరులో ఏదో పెద్ద కంపెనీలో స్ట్రాటజీ చూసేవాడట. ఆ కంపెనీ ఇప్పుడు లేదట. ఈ రెంటికీ ఏమైనా సంబంధం ఉందేమోనని మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు. అక్క ఇంటికి భోజనానికి వచ్చినవాడు వారం తిరిగేసరికి ఓనరు పక్క గదిలో కూర్చున్నాడు.

మొదట ఒక హోటల్ హాలు తీసుకుని మా అందరినీ పిలిచాడు. వెల్డర్లు, ఫిట్టర్లు, స్టోరు చూసే ఆమె, అకౌంట్లు చూసే ఆయన, నేను. అందరం ఏసీలో చేతులు ముడుచుకుని కూర్చున్నాం. గోడ మీద జలపాతం బొమ్మ పడింది. బామ్మర్ది దాని ముందు అటూ ఇటూ నడుస్తూ మాట్లాడాడు.

"ఇవాళ్టి నుంచి మనం మిషన్లు అమ్మే కంపెనీ కాదు. శుభ్రతను ఒక ఎక్స్‌పీరియన్స్‌గా అందించే కంపెనీ."

స్టోరు చూసే ఆమె నిజంగానే అర్థంకాక అడిగింది. "అట్లయితే మిషన్లు ఎవురు అమ్మల్ల సార్?"

"గుడ్ క్వశ్చన్" అన్నాడు. అని తర్వాతి బొమ్మకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన దగ్గర నేను ఎన్నో మంచి ప్రశ్నలు విన్నాను. జవాబు ఒక్కటీ వినలేదు.

కొత్త పద్ధతి ఏమిటంటే, ఇకమీదట మిషన్ అమ్మం. కస్టమర్ దగ్గర పెట్టి నెలనెలా అద్దె తీసుకుంటాం. మిషన్‌కు ఒక పెట్టె బిగిస్తాం. అది ఎంతసేపు కడిగారో చూసి ఫోన్‌కు చెబుతుంది. అద్దె కట్టకపోయినా, మిషన్ని ఎవరైనా ఎత్తుకుపోయినా అదే తాళం వేసేసుకుంటుంది. ఇంకొకటి, పుంగనూరు బస్టాండు దగ్గరున్న మా రిపేరు గది మూసేస్తాం. దాని బదులు అందరికీ ఒక ఫోన్ నంబరు.

ఈ చివరి ముక్క విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ గది చాలా చిన్నది. డెయిరీవాళ్లు పొద్దున పాలబండిలో పంపు తెచ్చి పడేసి, సాయంత్రం తీసుకుపోయేవాళ్లు. చవక మిషన్లు వదిలేసి మా దగ్గరికి వచ్చేవాళ్లు వచ్చిందే దాని కోసం. బామ్మర్ది దాన్ని 'ఫిజికల్ ప్రెజెన్స్' అని పిలిచి తీసిపారేశాడు.

నేను ఓనరు వైపు చూశాను. ముందు వరసలో కూర్చుని, ప్రతి బొమ్మకూ తల ఊపుతున్నాడు.

ఆ తర్వాత షెడ్డులో అన్నీ మారాయి, పని తప్ప. గోడలకు కొత్త రంగు వేశారు. కంపెనీకి ఒక ఇంగ్లీషు పేరు వచ్చింది. దాన్ని పలకలేక వెల్డర్లు 'ఆ కొత్తది' అనేవాళ్లు. పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడి, నిన్న మనకు సంతోషం కలిగించిన విషయం ఒకటి చెప్పాలి. ఒక ఫిట్టరు రోజూ "నిన్న పని లేదు సార్" అని చెప్పేవాడు. అతను వెటకారం చేస్తున్నాడో, నిజమే చెబుతున్నాడో బామ్మర్దికి అంతుబట్టలేదు. మాకూ అంతుబట్టలేదు.

కొత్త మిషన్ని మొదట కుప్పంలో చూపించాలనుకున్నారు. అక్కడ ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ నడిపే ఆవిడ మా పాత కస్టమర్. మిషన్ ముందే వ్యాన్లో పోయింది. నేనూ బామ్మర్దీ కారులో బయలుదేరాం. పుంగనూరు దాటేటప్పుడు మా గది షట్టరు కనబడింది. దాని మీద ఎవరో ట్యూషన్ సెంటర్ కాగితం అతికించారు. ఆయనకు చూపించాను. ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఓకే" అన్నాడు. పలమనేరులో టీ తాగడానికి ఆపి, అక్కణ్ణుంచి దారిపొడుగునా శుభ్రత భవిష్యత్తు గురించి చెప్పాడు. ఆయన షూ మీద అప్పటికే టీ ఒలికి ఉంది. ఆయన చూసుకోలేదు, నేనూ చెప్పలేదు.

ఫ్యాక్టరీ ఆవిడ గేటు దాకా ఎదురొచ్చింది. తెల్లటి రాతి బురద నేలంతా పరుచుకుని ఉంది. కోసిన బండలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను నీళ్లు చిమ్మే గన్ పట్టుకుని కడగడం మొదలుపెట్టాను. బురద వదిలి నల్లరాయి మెరుస్తూ బయటపడింది. చుట్టూ చేరిన పనివాళ్లు బాగుందన్నారు. బామ్మర్ది ఫోటోలు తీశాడు.

ఉన్నట్టుండి మిషన్ ఆగిపోయింది. మరుక్షణం పెట్టె కూత పెట్టింది. అంబులెన్సు కూతలాగా, ఆగకుండా. పనివాళ్లు చెవులు మూసుకున్నారు. ఒక కుక్క షెడ్డులోంచి పారిపోయింది. బామ్మర్ది ఫోన్ చూసి తెల్లబోయాడు.

"ఏం జరిగింది సార్?" అన్నాను.

"మిషన్ స్టేట్ బోర్డర్ దాటిందని చూపిస్తోంది. థెఫ్ట్ అలర్ట్" అన్నాడు.

కుప్పం సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. అక్కడ ఫోన్ జేబులో ఉన్నచోటే ఉండి, ఒకసారి తమిళనాడు టవరు పట్టుకుంటుంది, ఒకసారి కర్ణాటక టవరు పట్టుకుంటుంది. ఆ పెట్టెలో ఉన్నదీ ఫోన్ సిమ్మే. అది మమ్మల్ని కుప్పంలో వదిలేసి తమిళనాడు చేరిపోయింది.

ఆవిడ కూతకు మించి గొంతు పెంచి అడిగింది. "ఏమప్పా, మా ఫ్యాక్టరీలో ఉండే మిషన్ని మేమే దొంగిలించినామా?"

"లేదు మేడమ్, ఇది సేఫ్టీ ఫీచర్. ఇప్పుడే సపోర్ట్‌కి కాల్ చేస్తాను."

ఆయన మా కంపెనీ నంబరుకే ఫోన్ చేశాడు. రికార్డు గొంతు ఇంగ్లీషులో స్వాగతం చెప్పి, తెలుగు కావాలంటే ఏదో నొక్కమంది. నొక్కాడు. అదే ఇంగ్లీషు మళ్లీ మొదలైంది. తన పెళ్లికి తనే టోకెన్ తీసుకుని నిలబడ్డవాడిలా ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. తడిసిన బురద ఎండకు మళ్లీ బండలకు పట్టుకుంటోంది.

ఆవిడ కాసేపు చూసి పనివాళ్లను కేకేసింది. "పాత మిషన్ని ఇట్ల లాక్కోని రండప్పా." తర్వాత నాతో అంది. "నీ మీద కోపం లేదు మా. ఆ కూత మాత్రం నిలిపి తీసకపోండి. నాకు తలనొప్పి జాస్తి అయితాండాది."

కూత ఆపడం మాకు చేతకాలేదు. అలాగే వ్యాన్లోకి ఎక్కించాం. కుప్పం బజారంతా మమ్మల్ని చూసింది.

తిరుగు ప్రయాణంలో బామ్మర్ది ఫోన్ బోర్లించి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు కొంచెం జాలి వేసింది కూడా. పలమనేరు దాటాక నోరు తెరిచి, "మంచి లెర్నింగ్" అన్నాడు. ఆ జాలి అక్కడితో సరి.

మర్నాడు కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. నేను గన్ పట్టుకుని నవ్వుతున్నాను, వెనక నల్లరాయి మెరుస్తోంది. కింద 'కుప్పం పైలట్ ఘనవిజయం' అని బామ్మర్ది రాశాడు. పైలట్ అంటే తొలి పరీక్ష అట. కూత మొదలయ్యే ముందు తీసిన ఫోటో అది. దాన్ని గ్రూపులోంచి ఎవరో మా ఊరికి పంపారు. మా అమ్మ ఫోన్ చేసి, "ఊరంతా సూసినారు మా, ఎంత బాగుండావో!" అని మురిసిపోయింది. ఆమెతో ఏం చెప్పను? నా మొహాన్ని అబద్ధానికి వాడుకున్నారని చెబితే ఆమెకు ఫోటో కూడా మిగలదు.

నేరుగా ఓనరు గదికి వెళ్లాను.

"కుప్పంలో ఏం జరిగిందో మీకు తెలుసా సార్?"

"తెలుసు మా."

"మరి ఆ ఫోటో?"

ఆయన టేబుల్ మీది పెన్ను అటు తిప్పి ఇటు పెట్టాడు. "నువ్వు రొంత పాజిటివ్‌గా ఉండు మా" అన్నాడు.

"పాజిటివ్‌గా ఉంటే టవరు మారుతాదా సార్?"

ఆయన మళ్లీ పెన్ను అందుకున్నాడు. నేను బయటికి వచ్చేశాను.

ఆ నెలలోనే పుంగనూరు దగ్గర డెయిరీ నుంచి నేరుగా నాకే ఫోన్ వచ్చింది. క్యాన్లు కడిగే మిషన్ పంపు పట్టేసింది. పాలు వచ్చే వేళ. కంపెనీ నంబరుకు చేస్తే డెయిరీ మేనేజర్‌కు కూడా ఇంగ్లీషు స్వాగతమే దక్కిందట. నేను ఎవరికీ చెప్పకుండా ఫిట్టరును వెంటబెట్టుకుని బస్సెక్కాను. మేము చేరేసరికి ఆడవాళ్లు మగవాళ్లు వేడినీళ్లు పెట్టుకుని చేతుల్తో క్యాన్లు తోముతున్నారు. ఫిట్టరు పంపు విప్పుతుంటే డెయిరీ మేనేజరు నా పక్కన నిలబడ్డాడు. పెద్దాయన, మాటలు తక్కువ.

"యాల మా, ఇంకా ఆ కంపెనీలోనే ఉండావు? ఈడ మిషన్లు సూసుకునే మనిషి కావల్ల. వస్తావా?" అన్నాడు.

"వస్తాను సార్" అన్నాను. ఆలోచించుకుంటానని అనాలని కూడా తోచలేదు.

రాజీనామా ఇచ్చినప్పుడు బామ్మర్ది నన్ను కూర్చోబెట్టాడు. కంపెనీకి నేనిచ్చే ఒక సలహా చెప్పమన్నాడు. పుంగనూరు గది మళ్లీ తెరవండన్నాను. ఆయన ల్యాప్‌టాప్‌లో చాలాసేపు టైపు చేశాడు. అంత చిన్న మాటకు అన్ని అక్షరాలు ఎందుకు పట్టాయో నాకు తెలియదు.

నేను వచ్చేశాక స్ట్రాటజీ మళ్లీ మారిందని ఫిట్టరు చెప్పాడు. అద్దె పద్ధతి పోయింది, పెట్టెలు పోయాయి. ఈసారి షెడ్డే పోయింది. సొంతంగా ఏమీ తయారుచేయకపోవడమే ఇప్పటి తెలివి అట. ఏ చవక మిషన్లు మమ్మల్ని ముంచాయో వాటినే అట్టపెట్టెల్లో తెప్పించి, మీద మా కంపెనీ స్టిక్కరు అతికించి అమ్ముతున్నారు. వెల్డర్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. బామ్మర్ది ఇప్పుడు కాలేజీల్లో పిల్లలకు వ్యాపారం గురించి ఉపన్యాసాలు ఇస్తున్నాడు. చెప్పులు కుట్టడం రానివాడికి తోలు చెడగొట్టిన అనుభవం మీద సన్మానం అన్నమాట.

పోయిన ఎండాకాలం మా డెయిరీకి ఒక సేల్స్ మనిషి వచ్చాడని వాచ్‌మన్ చెప్పాడు. లోపలికి పంపమన్నాను. వచ్చింది మా ఓనరు. చేతిలో కాగితాల సంచి. జుట్టు బాగా నెరిసింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన కూర్చోమంటేగానీ కూర్చోనట్టు టేబుల్ అవతల నిలబడ్డాడు. ఆ మర్యాద చూడలేక కుర్చీ ఆయన వైపు జరిపాను.

టీ తెప్పించాను. ఆయన కాగితాలు టేబుల్ మీద పరిచాడు. రంగురంగుల మిషన్ల బొమ్మలు.

"మా బోరు నీళ్లకి ఇవి తట్టుకుంటాయా సార్?" అని అడిగాను.

ఆయన తలుపు వైపు ఒకసారి చూసుకున్నాడు. "తట్టుకోవు మా. ఉప్పు నీళ్లు. ఏడాదికే పోతాయి. నువ్వు కొనొద్దు" అన్నాడు.

మాట వినగానే నాకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. "ఇట్ల ఉన్నమాట ఆ పొద్దు హాల్లో చెప్పింటే ఎంత బాగుండు సార్!"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "సిగ్గేసింది మా" అన్నాడు. "అన్నీ ఇంగ్లీషులో చెప్తాండాడు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నా కంపెనీలో, నా పనోళ్ల ముందర, నాకు అర్థం కాలేదని ఎట్ల చెప్పేది? మీకందరికీ అర్థమయిందేమో అనుకున్నా."

మాకూ అర్థం కాలేదని చెప్పాను. ఆయన నవ్వబోయి మానేశాడు. ఒక సిగ్గు కోసం అంతమంది కూడు పోగొట్టిన మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. తిట్టడానికి నోరు రాలేదు. ఓదార్చడానికి మనసు రాలేదు.

లేచేటప్పుడు ఆయన టేబుల్ మీది కాగితాలన్నీ జాగ్రత్తగా ఏరి సంచిలో పెట్టుకున్నాడు. నాకు ఒకటి కూడా వదల్లేదు. పలమనేరు వైపు ఇంకో డెయిరీకి పోవాలన్నాడు. బస్సు దాకా వెళ్లి ఎక్కించాను. అక్కడివాళ్లు కూడా నీళ్ల సంగతి అడిగారో లేదో, అడిగితే వాళ్లకు ఏమని చెప్పాడో, తర్వాత ఫోన్ చేసినప్పుడు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.