తలకిందులుగా పెట్టిన అక్క ఫొటో

మా ఫొటోల గుంపుకి రెండే నియమాలు. ముందు ఫొటోలో బాగున్నదేదో చెప్పాలి, ఆ తర్వాతే తప్పు పట్టాలి. అందరూ చెప్పేదాకా ఫొటో తీసినవాళ్ళు నోరు మెదపకూడదు. మొదటిది నాకు బాగానే అబ్బింది గానీ రెండోది ఏనాడూ నా వల్ల కాలేదు. బడిలో రోజంతా పాఠాలు చెప్పే నోరు, ఊరికే ఉండమంటే ఉంటుందా?

అనంతపురంలో ఒక జిరాక్స్ షాపు మీది గదిలో ఆదివారం పొద్దున కలుస్తాం. నలుపు తెలుపు ఫొటోలు మాత్రమే తెస్తాం. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన సారు మాకు పెద్ద దిక్కు. ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారం చేసే ఒకావిడ వస్తుంది. ఉన్నమాట మొహం మీద అనడం తప్ప ఆమెకు ఇంకో విద్య రాదు. మా అందరికీ చిక్కు ఎండతోనే. పొద్దెక్కితే చాలు, ఫొటోల్లో ముఖాలు మాడిపోయి కళ్ళ కింద గుంటలు పడతాయి. కురవని మబ్బు వచ్చినా మాకు పండగే. వేరుశనగ వేసుకుని ఆకాశం వైపు చూస్తున్న రైతు ముందు ఆ సంతోషం దాచుకోలేక తల వంచుకుని నడుస్తాను.

మా అక్క రాయదుర్గంలో ఉంటుంది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జీన్స్ ప్యాంట్లకు జేబులు కుడుతుంది. మనిషి నలుపు, నిగనిగలాడే మంచి నలుపు. పెళ్ళి ఫొటోల్లో స్టూడియోవాళ్ళు ఆమె ముఖాన్ని తెల్లగా చేసేశారు. చేతులను మాత్రం మరిచిపోయారు. ఆల్బమ్ చూసిన చుట్టాలు పడీ పడీ నవ్వారు. అక్క కూడా వాళ్ళతోపాటు నవ్వి, ఆల్బమ్‌ను ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. అప్పటినుంచి ఫొటో తీయడానికి ఎవరు ఫోను ఎత్తినా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. కూతురి పుట్టినరోజు ఫొటోల్లో కూడా కేకు పక్కన ఒక చేయి మాత్రం కనబడుతుంది. ఆ చేయి మా అక్కది.

పోయిన ఏడాది సెలవుల్లో ఆమెను బతిమాలి ఒప్పించాను.

"ఒకటే తీ. అది బాగలేదంటే మళ్ళా నా దిక్కు కెమెరా ఎత్తొద్దు" అంది.

అదృష్టం కొద్దీ ఆ రోజు మబ్బు పట్టింది. కిటికీ పక్కన మిషన్ మీద వంగి కుడుతున్నప్పుడు తీశాను. ఇంటికొచ్చాక కంప్యూటర్లో అక్క ముఖం మీద కాస్త వెలుతురు పెంచాను. చాలలేదనిపించి ఇంకాస్త పెంచాను. అక్కకు నచ్చాలి, అదే నా ఆరాటం.

ఆదివారం ప్రింటు పట్టుకుపోయాను. "చేతులు బాగా వచ్చినాయమ్మా" అని సారు నియమం ప్రకారమే మొదలుపెట్టారు. తర్వాత ప్రింటును తలకిందులు చేసి గోడకు ఆనించారు. అది ఆయన పద్ధతి. అలా పెడితే మనిషి కనబడకుండా వెలుగూ నీడా మాత్రమే కనబడతాయట.

"ఇప్పుడు చూడు. ముఖం యాడుండాది? సున్నం కొట్టిన గోడ ఉండాది" అన్నారు.

చీరలావిడ దగ్గరికొచ్చి చూసింది. "ఈమె ఎవరు?"

"మా అక్క."

"మీ అక్క ఇంత తెల్లగా ఉంటాదా?"

నాకు చుర్రుమంది. "మా అక్క సంగతి మీకేం తెలుసు?" అని ప్రింటు లాక్కుని మెట్లు దిగేశాను. బస్టాండుదాకా ఆమెను తిట్టుకుంటూనే నడిచాను. ఇంట్లో కాఫీ పెట్టుకుని, కోపం తగ్గాక ప్రింటును మళ్ళీ తలకిందులు చేసి చూసుకున్నాను. తెల్లటి ముఖం, నల్లటి చేతులు. పెళ్ళి ఆల్బమ్‌నే నేను మళ్ళీ తయారుచేశాను. కాఫీ చల్లారిపోయేదాకా ఏడ్చాను.

తర్వాతి ఆదివారం సిగ్గుపడుతూనే వెళ్ళాను. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చీరలావిడ తన టీలో సగం ఇంకో గ్లాసులో పోసి నా ముందుకు జరిపింది. నేను ముట్టుకోని అసలు ఫొటోను లాప్‌టాప్‌లో తెరిచి పెట్టాను. ముగ్గురం దాని ముందు కూర్చున్నాం.

"ముఖాన్ని వెలిగించొద్దమ్మా, వెనక గోడను తగ్గించు" అన్నారు సారు. "తెలుపు ముక్కుపుడకకు ఇచ్చినావంటే చాలు."

"నల్లపట్టు మీద వెలుగు పడితే యాడ మెరుస్తాదో ఆడే మెరవనియ్యి" అంది చీరలావిడ. "మిగతాది నలుపుగానే ఉండనీ. నలుపుకేమైంది?"

గోడ వెలుగు తగ్గేకొద్దీ నుదురు బయటపడింది, చెంప ఎముక బయటపడింది. కుట్టు మీద చూపు నిలిపి కింది పెదవి కొరుక్కునే అలవాటు బయటపడింది. చిన్నప్పుడు నాకు జడలు వేసేటప్పుడు కూడా అక్క అలాగే కొరుక్కునేది. ఆ గదిలో మొదటిసారి నేను మాట్లాడకుండా కూర్చున్నాను.

ఆ ప్రింటు తీసుకుని రాయదుర్గం బస్సెక్కాను. బట్ట రంగు అంటి నీలంగా ఉన్న చేతులను అక్క కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. ఎంతకీ తల ఎత్తదు. ఎందుకలా నల్లగా ఉంచానో చెప్పుకోవాలని నాలుక దురద పెడుతోంది. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

"చేతులు బాగా పడినాయి" అంది చివరికి. ముందు మంచి చెప్పాలన్న మా నియమం ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

మళ్ళీ కాసేపు చూసింది.

"ఈ పక్క చెవి కమ్మ సగమే కనపడతాంది చూడే. ఈసారి తల కొంచెం ఇట్ల తిప్పుకుంటాలే."

తిప్పి చూపించింది కూడా. కొంగు భుజం మీదే ఉంది.