పసుపు పండిన తీరం

అమ్మ పుట్టింది దక్షిణ బర్మాలో మ్యెయిక్ ఊరి దగ్గర ఒక దీవిలో. సముద్రపు ఒడ్డునే తాతయ్య పోకచెట్లు పెంచి, వాటి నీడన పసుపు పండించేవాడట. పోయిన చలికాలంలో రంగూన్ నుంచి ఆమెను అక్కడికి తీసుకెళ్లాను.

పడవ మలుపు తిరగగానే పచ్చని కొండలు, తెల్లని ఇసుక కనిపించాయి. అందరూ ఫోన్లు తీశారు. అమ్మ మాత్రం, "తోటేదే?" అంది.

తోట ఉన్న వాలంతా చదును చేసి అతిథులకు కుటీరాలు కట్టారు. అమ్మ అక్కడి కాపలా మనిషిని బర్మీస్‌లో అడిగింది. "ఇక్కడెప్పుడూ తోటల్లేవమ్మా, అంతా అడివే," అన్నాడతను మర్యాదగానే.

అమ్మ కుటీరం పక్కన పూలమడి దగ్గర కూర్చుని వేళ్లతో మట్టి తవ్వింది. ఎక్కణ్ణుంచో తెచ్చిపోసిన ఎర్రమట్టి అది. పిడికెడు తీసి వాసన చూసింది.

"ఒక్క పసుపు దుంపైనా మిగిలుంటాదనుకున్నానే. ఏటీ నేదు."

లేవదీయబోతే నా చెయ్యి తోసేసింది. తిరుగు పడవ వచ్చేదాకా అంత అందమైన సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. పక్కనే కూర్చున్నాను.

"నన్నెందుకు తెచ్చినావే? ఇంట్లో ఉంటే తోట ఉండీది," అంది చివరికి.