ఇరవై రెండు రోజుల పెద్దరికం

ఎడమచేత్తో టార్చి పట్టుకుని, కుడి అరచేత్తో రెక్క కింది చక్రాన్ని చుట్టూ తడిమింది. ఎక్కడా కోత లేదు. వంగి బ్రేకు ఎంత అరిగిందో చూసింది. లేచి ఇంజను నోట్లోకి వెలుతురు వేసి, రేకుల మీద రాతి గాట్లేమైనా ఉన్నాయేమోనని ఒక్కొక్కటే పరిశీలించింది. ఎండైనా వానైనా బయలుదేరే ముందు విమానం చుట్టూ ఈ తిరుగుడు కో-పైలట్‌దే. కెప్టెన్ ఆ సమయంలో లోపల కాఫీ తాగుతూ కాగితాలు చూస్తాడు. ఏడేళ్ళలో ఆమె ఈ పనిని ఒక్కరోజు కూడా పది నిమిషాల లోపు ముగించలేదు.

ఉద్యోగంలో ఆమెతో పాటు అదే రోజు ఇంకో ఐదుగురు చేరారు. ఒకే రోజు చేరినవాళ్ళలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పుట్టిన తేదీ తేలుస్తుంది. అందరిలో ఆమె చిన్నది. ఆమెకంటే సరిగ్గా ఇరవై రెండు రోజుల ముందు పుట్టిన ఒకాయన ఆమెకు ఒక మెట్టు పైన నిలబడ్డాడు. ఆ సంతోషం పట్టలేక మొదటి వారమే ఆమెను "చెల్లాయ్" అన్నాడు. ఆమె "ఏం అన్నగారూ" అంది. అంతే, ఆయన కంపెనీ అంతటికీ అన్నగారైపోయాడు.

చేతిలో ఎంత పనితనం ఉన్నా ఈ వరసను ఎవరూ దాటలేరు. సెలవులు, మంచి రూట్లు, ఆదివారాలు పైనుంచి కిందికి వస్తాయి. కిందికి వచ్చేసరికి స్టాండ్‌బై మిగులుతుంది. అంటే యూనిఫాం ఇస్త్రీ చేసి తగిలించి, ఫోను ఎదురుగా పెట్టుకుని, ఇవాళ ఎవరికి జ్వరం వస్తుందా అని కూర్చోవడం. మొదటి రెండేళ్ళూ ఆమె బతుకు అదే. మిగిలిన ఒక్క ఆదివారం అన్నగారికి పోయేది, ఆమెకు సోమవారం దక్కేది.

పైవాళ్ళలో కొందరు కెప్టెన్లయ్యారు. ఇంకొందరు పెద్ద కంపెనీకి మారి అక్కడ మళ్ళీ అట్టడుగున చేరారు. ఏడేళ్ళకు కో-పైలట్ల జాబితాలో అన్నగారు మొదటివాడు, ఆమె రెండోది.

ఆ మధ్యాహ్నం విమానం దిగి వచ్చేసరికి సిబ్బంది గది గోడ మీద కాగితం అంటించి ఉంది. కెప్టెన్ శిక్షణకు ఒకే ఒక్క ఖాళీ. నాలుగు గంటల్లోపు సంతకం చేయాలి. హక్కు అన్నగారిది. ఆయన వద్దంటే ఆమెది. ఇది తప్పితే మరో ఖాళీకి రెండేళ్ళు పట్టవచ్చు.

అన్నగారు ఆ కాగితం కిందే కూర్చుని ఉన్నాడు.

"చెల్లాయ్, ఒక మాట అడుగుతా. అబద్ధం చెప్పకూడదు. తీసుకోనా, వద్దా?"

డ్యూటీలు వేసే రోస్టరు మేడమ్ టైపు కొట్టడం ఆపేసింది.

"నన్నా అడుగుతున్నావు? నువ్వు వద్దంటే అది నాకొస్తుందని తెలుసుగా?"

"తెలుసు. ఇంట్లో అడిగితే చుట్టాలకి చెప్పుకోడానికైనా తీసుకోమంటారు. ఇక్కడేమో నేను మొదటివాణ్ణి, ఆదివారాలన్నీ నావి. అటు ఎక్కానంటే కెప్టెన్లలో ఆఖరివాణ్ణి. మళ్ళీ స్టాండ్‌బై, మళ్ళీ ఫోను పక్కన పడుకోవడం. ఈ వయసులో నాకవసరమా?"

ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆమె "నిజమే" అంటే చాలు. కనీసం తల ఊపినా చాలు. గోడ గడియారం వైపు చూసింది. రెండూ పది.

"పోయిన నెల అడ్డగాలిలో విమానం దించావే, వెనక సీట్లో నేనున్నా," అంది. "చక్రాలు నేలకి ఎప్పుడు తగిలాయో నాకే తెలీలేదు. కాగితాల పని దగ్గర నీ అంత బద్ధకస్తుడు లేడు. అయినా చేతులు మాత్రం కెప్టెన్‌వి. ఆదివారాల కోసం వాటిని పక్క సీట్లో పెట్టుకు కూర్చుంటానంటే నీ ఇష్టం."

"అంటే?"

"సంతకం పెట్టు. పెట్టేసి నా ఎదుటి నుంచి వెళ్ళు, నా బుద్ధి మారకముందే."

"పెన్ను కావాలా అన్నగారూ?" అంది రోస్టరు మేడమ్.

ఆయన సంతకం పెట్టి, తేదీ తప్పు వేశాడు. ఆమే దగ్గరుండి దిద్దించింది.

ఇంటికి వెళ్ళగానే, ఖాళీ పడబోతోందని ముందే విని ఉన్న అత్తగారు గుమ్మంలోనే అడిగింది.

"వచ్చిందా?"

"లేదత్తయ్యా. అన్నగారు తీసుకున్నాడు."

"మీ అమ్మ ఇంకో ఇరవై మూడు రోజులు ముందు కనుంటే ఏం పోయేదే?"

"పోన్లెండి. ఆయన వెళ్తే నేనే మొదటిదాన్ని."

"దేంట్లో?"

"పక్క సీట్లలో."

అత్తగారు నవ్వు ఆపుకుంది. "అయితే ఆదివారాలు ఇస్తారా?"

"అన్నీ."

"మంచిది. ఈసారి మేడ మీద నీళ్ళ ట్యాంకు నువ్వే కడుగు."

మూడో రోజు అన్నగారి ఫోను. శిక్షణ పుస్తకాలు తెచ్చి బల్ల మీద పేర్చాక ఆయనకు బెంగ పట్టుకుంది. "చెల్లాయ్, నువ్వేదో నోట్సు రాసుకున్నావటగా?"

రాసుకుంది, నాలుగేళ్ళుగా. ఏ విమానాశ్రయంలో గాలి ఏ పక్క నుంచి తోస్తుంది, ఏ రన్‌వే చివర వాననీళ్ళు నిలుస్తాయి, ఎక్కడ ముందుగానే వేగం తగ్గించుకోవాలి, ఇవన్నీ తను చూసినవీ, పాత కెప్టెన్ల నోట రాబట్టినవీ. కెప్టెన్‌గా ఎడమ సీటులో కూర్చునే రోజు కోసం, తన కోసమే రాసుకుంది. ఇంకా రెండు విమానాశ్రయాలు మిగిలాయి.

సగం చేసిన పని ఇంకొకరి చేతికివ్వడం ఆమెకు రాదు. రెండు సాయంత్రాలు కూర్చుని ఆ రెండూ రాసింది, బొమ్మలు స్కేలుతో గీసింది, పేజీలకు అంకెలు వేసింది. చిరిగిన అట్ట తీసేసి కొత్తది అతికించింది. మర్నాడు సిబ్బంది గదిలో అన్నగారి ముందు పెట్టింది.

ఆయన నాలుగు పేజీలు తిప్పి ఆగాడు. "ఇది నువ్వు నీ కోసం రాసుకున్నది కదా."

"నా కోసమే. అందుకే కాఫీ మరకలు పడకుండా వెనక్కి రావాలి. తప్పులు కనిపిస్తే పెన్సిలుతో రాయి."

"అన్నీ చదవాలా?"

"పదకొండో పేజీ నుంచి మొదలుపెట్టు. ముందువి నీకు వచ్చు," అని పుస్తకం మూసి ఆయన చేతుల్లో పెట్టింది.