నా నడుము సంగతి టైలరుకు తెలుసు

పేనుకొరుకుడుతో తలమీద జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడిపోయిందని వెళితే, చర్మం డాక్టరు టేపు తీసి నా నడుము కొలిచింది. బీపీ కూడా చూసింది. నాకు ఒళ్ళు మండింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే జుట్టు కుదుళ్ళ మీద తిరగబడే జబ్బు ఇదనీ, ఇది ఉన్నవాళ్ళు గుండెనీ కొవ్వునీ కూడా గమనించుకుంటే మంచిదనీ చెప్పి, "ముందు జుట్టు ఊడిందా, ముందు లావయ్యారా?" అని అడిగింది.

నాకే తెలియలేదు. జుట్టు ఊడటం మొదలైనప్పటినుంచి నేను ఫొటో దిగితే కదా. ఎలాగైనా తెలుసుకోవాలనిపించి బీరువాలోని జాకెట్లు తిరగేశాను. చాలావాటికి పక్క కుట్లు విప్పి వదులు చేసిన గుర్తులున్నాయి. ఎప్పుడు విప్పించానో మాత్రం గుర్తులేదు.

అన్నీ సంచిలో వేసుకుని, చిక్కపేటలో ఏళ్ళుగా నాకు కుట్టే ముసలి టైలరు దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"నీకు జుట్టు ఉండేటప్పుడు ఒక్క కుట్టు కూడా విప్పలేదమ్మా. అప్పుడు మెట్రో దిగి నడిచి వస్తాంటివి. నెత్తికి స్కార్ఫు కట్టుకున్నప్పట్నించి నువ్వొచ్చే ఆటో అంగడి ముందరే నిలబడతా ఉండాది. ఆ మీదట్నే నేను కుట్లు విప్పతా ఉండా" అన్నాడు.

స్కార్ఫు ఎందుకని ఆయన ఎన్నడూ అడగలేదు.

మరుసటి వారం డాక్టరుకు జవాబు చెప్పాను. ముందు జుట్టు, తర్వాత ఆటో, ఆ తర్వాతే నడుము.